ఆరు సిలిండర్లు, అయిదు లీటర్లు

మారుతి 800 కారు ఇంజన్‌లో మూడు సిలిండర్లు. మూడింటి పరిమాణం కలిపితే 796 సీసీ. అమెరికాలో జి.ఎం.సి. కంపెనీ 1960లో తన పికప్ ట్రక్కులకు పెట్టిన ఇంజన్‌లో ఒక్కో సిలిండరే 832 సీసీ. అలాంటివి ఆరు. మొత్తం అయిదు లీటర్లు. అమెరికన్ల లెక్కలో 305 ఘనపుటంగుళాలు. దాని పేరు కూడా అదే, 305.

ఇంత పెద్ద ఇంజన్ ఇచ్చిన గరిష్ఠ శక్తి 150 హార్స్ పవర్. ఇవాళ మన షోరూముల్లో దొరికే లీటరున్నర టర్బో పెట్రోల్ ఇంజన్లు కొన్ని అంతే శక్తిని ఇస్తున్నాయి. ఈ రెండు అంకెలే పక్కపక్కన పెట్టి చూస్తే ఆనాటి ఇంజనీర్లకు పని చేతకాలేదని అనిపిస్తుంది. కానీ వాళ్లు వెతికింది 150 కోసం కాదు. కంపెనీ ప్రకటించిన వివరాల్లో ఆ అంకె పక్కనే ఇంకొకటి ఉంది: గరిష్ఠ టార్క్ 260 పౌండ్-అడుగులు, అంటే సుమారు 352 న్యూటన్-మీటర్లు. అది వచ్చేది నిమిషానికి 1,600 చుట్ల దగ్గరే. ఇంజన్ ఇంకా గొంతు పెంచకముందే తన బలమంతా చూపిస్తుందన్నమాట. ఈ అధ్యాయంలో మనం అర్థం చేసుకోవలసింది ఆ 1,600 గురించే.

బలం వేరు, శక్తి వేరు

క్రాంక్ షాఫ్ట్‌ను తిప్పే బలం టార్క్. ఆ బలంతో సెకనుకు ఎంత పని జరుగుతోందన్నది శక్తి, అంటే హార్స్ పవర్. టార్క్‌ను చుట్ల వేగంతో గుణిస్తే శక్తి వస్తుంది. కాబట్టి ఒకే శక్తిని రెండు దారుల్లో సంపాదించవచ్చు: తక్కువ బలంతో ఎక్కువ చుట్లు తిరిగి, లేదా ఎక్కువ బలంతో తక్కువ చుట్లు తిరిగి. మన ఊళ్లలో బండలాగుడు పందేలకు దిగే ఒంగోలు గిత్తల్ని ఎవరూ గుర్రాలతో పాటు పరుగు పందెంలో నిలబెట్టరు. బండను కదిలించడానికి కావలసింది మొదటి అడుగులోనే పడే బలం.

జి.ఎం.సి. 305 విషయంలో లెక్క వేద్దాం. 1,600 చుట్ల దగ్గర 352 న్యూటన్-మీటర్లు అంటే సుమారు 79 హార్స్ పవర్. గరిష్ఠ శక్తి అయిన 150 కోసం ఇంజన్ 3,600 చుట్లు తిరగాలి. అంటే సగం వేగం కూడా అందుకోకముందే సగానికి పైగా శక్తి చేతికొచ్చింది.

దీని వల్ల లాభం ఏమిటో ఒక ఉదాహరణలో తెలుస్తుంది. సరుకుతో కలిపి మూడు టన్నుల బరువున్న పికప్ ఒకటి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఘాట్ ఎక్కుతోంది అనుకుందాం. నూరు మీటర్ల దూరానికి ఆరు మీటర్ల ఎత్తు పెరిగే ఎక్కుడు. బరువును పైకి లాగడానికి సుమారు 33 హార్స్ పవర్ కావాలి. టైర్ల రాపిడికీ, ఎదురుగాలికీ కలిపి మరో 12. మొత్తం 45. ఆనాటి పికప్ టైర్లు, ఇరుసు గేర్ల నిష్పత్తి లెక్కన టాప్ గేర్‌లో 50 కిలోమీటర్ల వేగానికి ఇంజన్ దాదాపు 1,500 చుట్లు తిరుగుతుంది. అక్కడ 305 దగ్గర 70 హార్స్ పవర్‌కు పైగా సిద్ధంగా ఉంది. డ్రైవరు గేరు మార్చనక్కర్లేదు, క్లచ్ తొక్కనక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 1970ల మొదటి దాకా అమెరికన్ కంపెనీలు ప్రకటించిన అంకెలు ‘గ్రాస్’ అంకెలు. ఫ్యాను, సైలెన్సర్ లాంటివి తగిలించకుండా ఇంజన్‌ను బల్ల మీద పెట్టి కొలిచినవి. బండిలో బిగించాక కొంత తగ్గుతుంది. అంత తగ్గించి చూసినా పై ఉదాహరణలో ఇంజన్ దగ్గర ఇంకా మిగులు ఉంటుంది.

చిన్న ఇంజన్‌తో ఇదే పని చేయలేమా? చేయవచ్చు. గేర్లు ఉన్నదే అందుకు. చిన్న ఇంజన్‌ను 4,000 చుట్లు తిప్పి, కింది గేరులో పెడితే చక్రం దగ్గరకు వచ్చేసరికి అదే బలం వస్తుంది. కాకపోతే ఆనాటి పికప్పులకు గేర్లు మూడో నాలుగో. ఒక గేరుకూ మరో గేరుకూ మధ్య తేడా చాలా ఎక్కువ. ఆ తేడాలో పడి ఇంజన్ చతికిలబడకుండా ఉండాలంటే తక్కువ చుట్ల దగ్గర కూడా బలం ఉండాలి. గేర్లు చేయవలసిన పనిలో కొంత ఇంజన్ పరిమాణమే చేసేది. ఇవాళ పది గేర్ల ఆటోమేటిక్ పికప్పులు వచ్చాయి. వాటిలో ఇంజన్ చిన్నదైనా గడిచిపోవడానికి అది ఒక కారణం.

గాలి లెక్క

ఇంజన్ పెద్దదైతే టార్క్ ఎందుకు పెరుగుతుంది? సమాధానం పెట్రోల్‌లో కంటే గాలిలో ఉంది.

నేల మీద ఒక లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. అంటే లీటరు గాలితో మండగలిగే పెట్రోల్ 0.08 గ్రాములే. అంతకన్నా ఎక్కువ పోస్తే మండకుండా పొగగొట్టం దారి పడుతుంది. గ్రాము పెట్రోల్‌లో సుమారు 44 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది కాబట్టి, లీటరు సిలిండర్ పూర్తిగా నిండితే దొరికేది 3.6 కిలోజౌళ్లు. పాత ఇంజన్లలో సిలిండర్ పూర్తిగా నిండదు. వాల్వులు, మలుపులు, కార్బురేటర్ గొంతు దాటుకొని వచ్చేసరికి నూటికి 80 వంతులు లోపలికి వస్తే మంచిదే. అలా చేరిన దానిలోనూ వేడిగా వృథా అయ్యేది పోగా పనిగా మారేది 30 వంతులు అనుకుందాం. లీటరుకు మిగిలేది 0.86 కిలోజౌళ్లు.

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. అయిదు లీటర్ల ఇంజన్ రెండు చుట్లలో చేసే పని 4.3 కిలోజౌళ్లు. పనిని చుట్టిన కోణంతో భాగిస్తే టార్క్ వస్తుంది. ఇక్కడ అది సుమారు 342 న్యూటన్-మీటర్లు. జి.ఎం.సి. చెప్పింది 352. గాలి బరువుతో మొదలుపెట్టిన లెక్క ట్రక్కు ఇంజన్ దాకా వచ్చి ఇంత దగ్గరగా కుదిరింది.

దీన్ని ఒక సూత్రంగా చెప్పుకోవచ్చు. టర్బో లేని పాతకాలపు పెట్రోల్ ఇంజన్ లీటరుకు సుమారు 70 నుంచి 80 న్యూటన్-మీటర్లు ఇస్తుంది. 305 ఇచ్చేది లీటరుకు 70. మన మారుతి 800 కూడా ఈ సూత్రం దాటదు. దాని టార్క్ సుమారు 59 న్యూటన్-మీటర్లు, లీటరుకు 74 చొప్పున. రెండు ఇంజన్లూ గాలిని వాడుకోవడంలో ఒకదానికొకటి తీసిపోవు. ఒకటి ఎక్కువ గాలి పీలుస్తుంది, ఒకటి తక్కువ పీలుస్తుంది, అంతే తేడా.

పొడుగు స్ట్రోక్ మీద ఒక అపోహ

పిస్టన్ ఎంత పొడుగున కదిలితే అంత టార్క్ వస్తుందని మెకానిక్కులు, కార్ల అభిమానులు చాలామంది నమ్ముతారు. క్రాంక్ చేయి పొడుగైతే తిప్పే బలం పెరుగుతుంది కదా అన్నది వాళ్ల తర్కం. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి 1960ల అమెరికన్ పికప్పులు మంచి అవకాశం ఇచ్చాయి. దాదాపు ఒకే పరిమాణం గల మూడు ఆరు సిలిండర్ల ఇంజన్లు అప్పుడు ఒకే బజారులో పోటీ పడ్డాయి.

మొదటిది జి.ఎం.సి. 305. సిలిండర్ వ్యాసం 108 మి.మీ., స్ట్రోక్ 91 మి.మీ. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ. రెండోది 1963లో వచ్చిన చెవ్రొలె 292. వ్యాసం 98, స్ట్రోక్ 105 మి.మీ. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మూడోది 1965లో వచ్చిన ఫోర్డ్ 300. వ్యాసమూ స్ట్రోకూ రెండూ దాదాపు 101 మి.మీ. సరిసమానం.

పొడుగు స్ట్రోక్ వాదం నిజమైతే చెవ్రొలె ముందు, ఫోర్డ్ మధ్యలో, జి.ఎం.సి. బాగా వెనుక ఉండాలి. కానీ ఫోర్డ్, చెవ్రొలె రెండూ లీటరుకు 78 న్యూటన్-మీటర్ల చుట్టుపక్కలే ఉన్నాయి. జి.ఎం.సి. కొంచెం వెనకబడింది కానీ, దానికి వేరే కారణం ఉంది, కాసేపట్లో చూద్దాం. మూడింటి టార్కూ 1,600 చుట్ల చుట్టుపక్కల్లోనే శిఖరానికి చేరింది.

స్ట్రోక్ పొడుగు తేడా తేకపోవడానికి కారణం సులువే. పరిమాణం మారకుండా స్ట్రోక్ పొడుగు చేస్తే సిలిండర్ సన్నబడుతుంది. పిస్టన్ తల వైశాల్యం తగ్గుతుంది, దాని మీద పడే ఒత్తిడి బలం తగ్గుతుంది. క్రాంక్ చేయి పెరిగినంత వంతున బలం తగ్గి, రెండూ చెల్లుకు చెల్లు అవుతాయి. చివరికి మిగిలేది లోపలికి ఎంత గాలి వచ్చిందన్నదే.

మరి టార్క్ శిఖరం 1,600 దగ్గర ఉండాలా, 4,000 దగ్గర ఉండాలా అన్నది ఎవరు నిర్ణయిస్తారు? ముఖ్యంగా వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్. ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు లోపలికి దూసుకొస్తున్న గాలి తన ఊపుతోనే ఇంకాసేపు వస్తూ ఉంటుంది. కాబట్టి వాల్వు ఆలస్యంగా మూస్తే లాభం. నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ ఊపు ఉండదు. వాల్వు ఆలస్యంగా మూస్తే పైకి వస్తున్న పిస్టన్ గాలిని వెనక్కి నెట్టేస్తుంది. ట్రక్కు ఇంజన్లకు వాల్వు త్వరగా మూసుకునేలా క్యామ్ చెక్కుతారు, గాలి దారులు ఇరుకుగా పెట్టి తక్కువ చుట్లలోనూ గాలి వేగంగా వచ్చేలా చూస్తారు. అందుకు ప్రతిఫలంగా ఎక్కువ చుట్ల దగ్గర ఊపిరి ఆడదు. 3,600 దాటితే ఆ ఇంజన్‌తో పని లేదు.

జి.ఎం.సి. కొంచెం వెనకబడటానికి ఒక కారణం దాని వెడల్పులోనే ఉంది. స్పార్క్ ప్లగ్ దగ్గర పుట్టిన మంట సిలిండర్ అంచుదాకా పాకడానికి సమయం పడుతుంది. వెడల్పు పెరిగిన కొద్దీ ఆ సమయం పెరుగుతుంది. ఈలోగా అంచున ఉన్న మిశ్రమం ఒత్తిడికి వేడెక్కి తనంతట తానే పేలవచ్చు. దాన్నే ‘నాకింగ్’ అంటారు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అలా పేలడానికి ఇంకా ఎక్కువ వ్యవధి దొరుకుతుంది. దాన్ని తప్పించడానికి మిశ్రమాన్ని తక్కువగా నొక్కాలి. పికప్పులోని 305 తన మిశ్రమాన్ని ఎనిమిదో వంతుకు కూడా నొక్కదు. తక్కువ నొక్కితే పనిగా మారే వేడి కూడా తగ్గుతుంది.

వరుసగానా, వి ఆకారంలోనా

ఇలా నష్టం ఉందని తెలిసీ జి.ఎం.సి. వెడల్పు సిలిండర్లు ఎందుకు పెట్టింది? ఇంజన్ పొడవు వల్ల.

ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉండే ఇంజన్‌కు ఒక గొప్ప గుణం ఉంది. పైకీ కిందికీ ఊగే పిస్టన్ల జడత్వ బలాలు ఒకదాన్నొకటి దాదాపు పూర్తిగా రద్దు చేసుకుంటాయి. ఇంజన్ వణకదు. చెవ్రొలె 1929లోనే ఇలాంటి ఇంజన్‌ను, నాలుగు సిలిండర్ల ధరకే ఆరు అంటూ, అందుబాటు ధరలో అమ్మింది. 292, 300 ఇంజన్లలో క్రాంక్‌ను మోయడానికి ఏడేసి మెయిన్ బేరింగులు ఉన్నాయి. అవి మొండిగా మన్నడానికి అది ముఖ్యమైన కారణం. ఫోర్డ్ 300లో క్యామ్‌ను తిప్పేది గొలుసు కాదు, బెల్టు కాదు, నేరుగా గేర్లే. అది 1996 దాకా తయారైంది. పికప్పులతో పాటు డెలివరీ వ్యాన్లలో, జనరేటర్లలో, నీటి పంపుల్లో, కొమ్మలు నరికే యంత్రాల్లో పనిచేసింది.

వరుస ఇంజన్‌కు ఉన్న చిక్కు పొడవు. సిలిండర్ వెడల్పు ఒక సెంటీమీటరు పెరిగితే ఇంజన్ ఆరు సెంటీమీటర్లు పొడుగవుతుంది. అందుకే వరుస ఇంజన్ పరిమాణం పెంచాలంటే ఎక్కువగా స్ట్రోక్ పెంచడం వైపే మొగ్గు చూపుతారు. వి ఆకారంలో మూడేసి సిలిండర్లు రెండు పక్కలా సర్దితే ఆ ఇబ్బంది సగం తగ్గుతుంది. వెడల్పు పెంచుకోవచ్చు.

జి.ఎం.సి.కి ఆ వెసులుబాటు అవసరమైంది. అది ఒక్క పికప్పుల కంపెనీ కాదు, భారీ లారీలు కూడా తయారుచేసేది. అమెరికా రాష్ట్రాల్లో లారీ మొత్తం పొడవు మీద పరిమితులు ఉండేవి. ముందు భాగం ఎంత పొట్టిగా ఉంటే వెనుక ట్రైలర్ అంత పొడుగ్గా పెట్టుకోవచ్చు. అందువల్ల క్యాబిన్ కింద ఇమిడే పొట్టి ఇంజన్‌కు గిరాకీ. 60 డిగ్రీల వి-6ను ఒక కుటుంబంగా రూపొందించారు: 305, 351, 401, 478 ఘనపుటంగుళాలు. చివరిది 7.8 లీటర్లు. దానిలో ఒక్క సిలిండర్ 1.3 లీటర్లు, వ్యాసం 130 మి.మీ. అదే పరిమాణాన్ని వరుసలో పేరిస్తే సిలిండర్ రంధ్రాలే 78 సెంటీమీటర్లు ఆక్రమిస్తాయి, మధ్య గోడలు కాక.

1960 నాటికి వి-6 అరుదైన ఆకారం. ఇటలీలో లాంచియా 1950లో అరేలియా కారుకు పెట్టిన వి-6 మొత్తం 1.75 లీటర్లు. జి.ఎం.సి. రెండు సిలిండర్లకు కాస్త ఎక్కువ. అమెరికాలో వి-6ను భారీ సంఖ్యలో తయారుచేసిన మొదటి కంపెనీ జి.ఎం.సి.యే. పేలుళ్లు సమాన వ్యవధిలో, అంటే ప్రతి 120 డిగ్రీలకూ పడేలా క్రాంక్‌కు ఆరు సిలిండర్లకూ ఆరు విడి పిన్నులు పెట్టారు. స్పార్క్ ప్లగ్గులను రెండు వరుసల మధ్య లోయ వైపు, ఎగ్జాస్ట్ వేడికి దూరంగా అమర్చారు. మెకానిక్ పైనుంచే విప్పుకోవచ్చు. వరుస ఇంజన్ అంత నిశ్చలంగా వి-6 ఉండదు, దానిలో కొంత ఊగిసలాట మిగులుతుంది. కానీ జడత్వ బలాలు చుట్ల వేగానికి వర్గంగా పెరుగుతాయి. నెమ్మదిగా తిరిగే ఇంజన్‌లో ఆ లోపం పెద్దగా తెలియదు.

ఇదే కుటుంబం నుంచి ‘ట్విన్ సిక్స్’ అనే వి-12 కూడా వచ్చింది. 702 ఘనపుటంగుళాలు, 11.5 లీటర్లు, రెండు కార్బురేటర్లు, నాలుగు ఎగ్జాస్ట్ మానిఫోల్డులు. 351 వి-6తో చాలా విడిభాగాలు ఉమ్మడి. శక్తి 275 హార్స్ పవర్, టార్క్ 854 న్యూటన్-మీటర్లు. లీటరుకు లెక్క వేస్తే 74. సూత్రం ఇక్కడా మారలేదు.

పికప్పుకు అయిదు లీటర్ల ఇంజన్ దక్కిన కథ ఇదే. ఆ ఇంజన్‌ను పికప్ కోసం పుట్టించలేదు. లారీ ఇంజన్ల కుటుంబంలో అన్నిటికన్నా చిన్నదాన్ని పికప్పుకు ఇచ్చారు. బలిసిన ఇనుము, బరువైన క్రాంక్, లారీ స్థాయి మన్నిక దానితో పాటే వచ్చాయి.

రోడ్డు మారింది

1956లో అమెరికా అంతర్రాష్ట్ర రహదారుల చట్టం చేసి, 41,000 మైళ్ల రోడ్లకు పథకం వేసింది. 305 మీద గట్టి దెబ్బ ఆ రోడ్ల వైపు నుంచే పడింది. 50 కిలోమీటర్ల వేగంలో 1,500 చుట్లు తిరిగే ఇంజన్, అదే టాప్ గేర్‌లో 100 కిలోమీటర్ల వేగానికి 3,000 తిరగాలి. 3,600 దగ్గర ఊపిరి ఆగిపోయే ఇంజన్‌కు అది శిఖరం అంచు. గతుకుల పొలం దారిలో, ఘాట్ మలుపుల్లో మంచి గుణమే హైవే మీద లోపమైంది. చెవ్రొలె తన చిన్న వి-8ను లక్షల్లో పోత పోస్తోంది. అది చవక, తేలిక, ఎక్కువ చుట్లు తిరగగలదు. చెవ్రొలె, జి.ఎం.సి. రెండూ జనరల్ మోటార్స్ కిందివే. పికప్పుల కోసం ఖరీదైన, బరువైన ప్రత్యేక ఇంజన్‌ను మోయడం సంస్థకు గిట్టుబాటు కాలేదు. 1969 తర్వాత జి.ఎం.సి. పికప్పుల్లో ఆ వి-6 కనిపించలేదు. 1974తో పెద్ద లారీల్లోనూ ముగిసింది. పెట్రోల్ ధరలు పెరిగిన ఏడాదీ, పొగ నిబంధనలు బిగిసిన కాలమూ అవే. వెడల్పు సిలిండర్‌లో మంట చేరని చల్లని అంచులు ఎక్కువ కాబట్టి మండని ఇంధనం ఎక్కువగా బయటికి వస్తుంది. ఆ విధంగా కూడా కాలం దానికి కలిసిరాలేదు.

తక్కువ చుట్లలో బరువు లాగే ఈ పనికి మన దేశంలో వేరే దారి దొరికింది. 1954లో టాటాల టెల్కో, జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టింది. వాటిలోనూ ఆరు సిలిండర్లే, 4.6 లీటర్లు, కానీ డీజిల్. డీజిల్ ఇంజన్ సిలిండర్‌లోకి ముందు గాలి మాత్రమే వస్తుంది. అంచున ముందే పేలడానికి ఇంధనం ఉండదు కనుక నాకింగ్ భయం లేకుండా గాలిని పెట్రోల్ ఇంజన్‌కు రెట్టింపు నొక్కవచ్చు. వేడిలో ఎక్కువ వంతు పనిగా మారుతుంది. మన లారీ డ్రైవర్లు ‘పుల్లింగ్’ అని మెచ్చుకునే గుణాన్ని అమెరికన్లు చవక పెట్రోల్‌తో కొనుక్కుంటే, మనం డీజిల్ పొదుపుతో కొనుక్కున్నాం. లోడుతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కే లారీకైనా, అమెరికా కొండల్లో పశువుల ట్రైలర్ లాగే పికప్పుకైనా అడిగే ప్రశ్న ఒకటే: తక్కువ చుట్లలో ఎంత బలం?

గాలిని నెట్టి నింపితే

సహజంగా వచ్చే గాలితోనే సరిపెట్టుకుంటే లీటరుకు 70-80 అన్న హద్దు కొంతవరకే జరుగుతుంది. సిలిండర్‌కు నాలుగు వాల్వులు, మెరుగైన పెట్రోల్, ఎక్కువ నొక్కుడు కలిసి ఇవాళ్టి ఇంజన్లను 95 దగ్గరకు తెచ్చాయి. మారుతి స్విఫ్ట్‌లో చాలా కాలం వచ్చిన 1.2 లీటర్ల ఇంజన్ టార్క్ 113 న్యూటన్-మీటర్లు, లీటరుకు 94. కానీ అది 4,000 చుట్లు దాటాకే.

హద్దును నిజంగా బద్దలుకొట్టింది టర్బో. ఫోర్డ్ 2011లో ఎఫ్-150 పికప్పులో పెట్టిన 3.5 లీటర్ల వి-6 టార్క్ 569 న్యూటన్-మీటర్లు, లీటరుకు 163. శిఖరం 2,500 చుట్ల దగ్గరే. దాన్ని చూసి లీటరు సిలిండర్‌లో రెండు లీటర్ల గాలి పట్టిందా అనిపిస్తుంది. ఒక విధంగా జరిగేది అదే. పొగతో తిరిగే టర్బైన్ గాలిని లోపలికి నెట్టి కూరుతుంది. 1960 నాటి ఇంజనీరు అదే గాలి కోసం సిలిండర్‌ను పెద్దది చేశాడు, నేటి ఇంజనీరు గాలిని దట్టం చేస్తున్నాడు. ఇద్దరిదీ ఒకే లెక్క.

కాబట్టి ఏ పెట్రోల్ బండి వివరాలు చేతికొచ్చినా హార్స్ పవర్ దగ్గర ఆగకండి. టార్క్‌ను లీటర్లతో భాగించండి. వందకు బాగా పైన వస్తే గాలిని ఎవరో నెడుతున్నారని అర్థం. ఆ తర్వాత టార్క్ పక్కన రాసిన చుట్ల అంకె చూడండి. అది 2,000 లోపు ఉంటే బరువు వేసి కొండ ఎక్కడానికి తయారైన ఇంజన్, 4,000 పైన ఉంటే తేలికగా, చదును రోడ్డు మీద పరుగెత్తడానికి తయారైనది. కంపెనీ ప్రకటన ఏం చెప్పినా, ఆ రెండు అంకెలూ బండి ఏ పనికి పుట్టిందో చెప్పేస్తాయి.